రెండో సీసా రక్తం

మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటి అర్జీని పోలీసు స్టేషను రైటరు నా కళ్ల ముందే మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. అదీ నాకు గుర్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దెయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను.

మా నాయన అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్తూ తప్పిపోయాడు. ఏడాదిన్నర తర్వాత అడవిలో ఎముకలు దొరికాయి. అవి ఆయనవో కావో డీఎన్ఏ పరీక్షలో తేలాలన్నారు. తిరుపతిలో ఆసుపత్రికి పగలు పదకొండు గంటలకు వెళ్లాను. ఒక్కణ్ణే వెళ్లాను. ఒక సీసా రక్తం తీసి, ఫారం మీద వేలిముద్ర వేయించుకున్నారు.

నాలుగు నెలలకు రిపోర్టు వచ్చింది. ఎముకలు నాయనవే. ఎముకలు మూటగట్టడానికి చిత్తూరు నుంచి కొత్త పంచె తీసుకుని స్టేషనుకు వెళ్తే, రక్తం తీసిన రోజు ఆసుపత్రికి వచ్చిన కానిస్టేబులే నా వెనక్కి చూశాడు.

"మీ యన్న యాడప్పా? రక్తమిచ్చిన ఇద్దురూ సంతకం పెడితేనే ఎముకలిచ్చేది."

"మా యన్న తొమ్మిదేండ్లకే జెరమొచ్చి సచ్చిపోయినాడు సార్. నేనప్పుడు సంకలో పిల్లోణ్ణి."

"ఆస్తి తగాదాలు ఇంట్లో సూసుకోండబ్బా. బతికుండే మనిషిని సచ్చినాడంటావే. ఆపొద్దు ఆసుపత్రిలో నీ పక్కనే కూసోనుండె. నేను టీ ఇస్తే ముట్టుకోలేదు ఆయప్ప."

రెండో ఫారం చూపించాడు. దానిమీద మా అన్న పేరు, పక్కన వేలిముద్ర ఉన్నాయి. ఏ రేషన్ కార్డులోనూ ఎక్కని పేరు అది.

నా రక్తమే పొరపాటున రెండు సీసాల్లో పోశారనుకున్నాను. అలాగైతే రెండూ ఒక్కలాగే ఉండాలి. రిపోర్టులో ఇవి ఇద్దరు మనుషులవని రాశారు. నాయనకు ఇంకో సంసారం ఉందేమోనని, సిగ్గు విడిచి, అమ్మ రక్తం కూడా పరీక్ష చేయించాను. ఇద్దరూ ఆమె కడుపున పుట్టినవాళ్లేనని వచ్చింది.

ఆ మాట అమ్మకు చెప్పాను. "ఎంత పొడుగైనాడంట?" అని అడిగింది. నేను తిరిగిన తిరుగుడు గురించి ఒక్క మాటా అడగలేదు.

మా అన్న చావును అప్పట్లో ఎవరూ రాయించలేదు. చచ్చిపోయినట్టు కాగితం లేదు. బతికున్నట్టు రక్తం ఉంది. నాయన ఎముకలు ఇంకా స్టేషనులో, అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఇది ఎలా జరిగిందో నాకు ఈరోజుకూ తెలియదు.

కానీ ఆ రక్తం తీసినవాళ్లున్నారు. ఆ వేలు పట్టుకుని ముద్ర వేయించినవాళ్లున్నారు. సంతకానికి మా అన్నను నేను ఎక్కడి నుంచి పిలుచుకుని రావాలో, వాళ్లలో ఒక్కరైనా కాగితం మీద రాసివ్వండి.