సీలు చూసే మనిషి

వాచీలు బాగుచేసే అతని కొట్టుకు ఈమధ్య వాచీలకంటే ఆటగాళ్ళ బొమ్మల కార్డుల విప్పని పాత ప్యాకెట్లే ఎక్కువగా వస్తున్నాయి. ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోసి కొన్నవాళ్ళు, సీలు అసలుదేనా అని చూపించుకోవడానికి తెస్తారు. అతను చేతులు తుడుచుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, అంచు మడతను వేలికొనతో నిమురుతాడు. అబద్ధం చెప్పడు, మెత్తగానూ చెప్పడు. "విప్పి, మంచి కార్డులు తీసేసి, మళ్ళీ అతికించారండీ. తిప్పి పంపెయ్యండి. ఈసారి రెండు అంచుల ఫొటోలూ అడిగాకే కొనండి" అంటాడు.

నిన్న ఒక టీచరు తెచ్చిన ప్యాకెట్ మడత లోపల, సూదిమొనతో అద్దిన మూడు జిగురు చుక్కలు కనిపించాయి. వాచీ డయలు కింద అలా అద్దడం ఒకప్పుడు అక్కకు నేర్పింది అతనే. టీచరుకు ఎప్పటిలాగే నిజం చెప్పి పంపించాడు. సాయంత్రం కొట్టు కట్టేసి అక్క ఇంటికి వెళ్ళాడు. మంచాన పడ్డ బావ లోపల దగ్గుతున్నాడు.

"ప్యాకెట్లు నువ్వే అతికిస్తున్నావా అక్కా?"

ఆమె తల దించుకోలేదు. "నీదాకా రావనుకున్నాన్రా."

"మానెయ్. రేపటినుంచి కొట్టుకి రా. మళ్ళీ వాచీలు చేద్దాం."

"వాచీలు బాగుచేయించుకోడానికి ఇప్పుడు ఎవరొస్తున్నార్రా?" అంది అక్క.