సావుకారి జెట్టు

ఆ జెట్టుకి మొదటి గీత గీసింది నేను. చివరి టేపు అంటించిందీ నేనే. కానీ అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఎవరినడిగినా అది సావుకారి జెట్టు. సావుకారంటే మా ఆయన. మా మేనమామ కొడుకే కాబట్టి నాకు బావ. ఆయనంటే నాకు ఇష్టమే, కానీ ఆ జెట్టు విషయంలో మాత్రం ఒళ్ళంతా కుళ్ళు. దానికి ఇంకో మర్యాదైన మాట వెతకను.

రిమోటుతో ఎగిరే బొమ్మ విమానాల సరదా మొదట్లో బావదే. ఫోన్లో వీడియోలు చూసి మోటారు, బ్యాటరీ, రిమోటు తెప్పించుకున్నాడు. ఇంటర్నెట్లో దొరికిన ప్లానును జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకొచ్చాడు. కాగితాలన్నీ పక్కపక్కన అంటిస్తే మంచమంత అయింది. ఏ ముక్క ఎక్కడిదో అర్థంకాక, చుట్టచుట్టి అటక మీద పడేశాడు. దాన్ని నేను కిందికి దింపాను. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను. కాగితం మీద ముక్కను చూస్తే అది ఒంటి మీద ఎక్కడికి వస్తుందో నాకు తెలిసిపోతుంది. విమానానిదీ అదే లెక్క. ఇది రెక్క, ఇది పొట్ట, ఇక్కడ తెగకుండా సగం లోతు కోసి మడవాలి.

వంటయ్యాక భోజనాల బల్ల మీద ఫోమ్ షీట్లు పరిచేదాన్ని. బ్లేడు కాస్త మొద్దుబారినా ఫోము పెచ్చులూడిపోతుంది. జిగురు పెట్టే గ్లూ గన్ వేడి ఎక్కువైతే ఫోము కరిగి గుంట పడుతుంది. అన్నీ చెడగొట్టుకునే నేర్చుకున్నాను. బావ బెల్లం కొట్టు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "ఎంతవరకొచ్చిందే మన జెట్టు?" అనేవాడు. మన జెట్టట!

అది తయారయ్యేసరికి అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. "నేనొచ్చేక ఎగరేద్దాం బావా," అన్నాను. అలాగేలే అన్నాడు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉండగా ఫోనుకి వీడియో వచ్చింది. దేవరాపల్లి నుంచి మా కొట్టుకి బెల్లం తెచ్చే రైతు తీసిన వీడియో. చెరుకు నరికేసిన పొలం మీద నా జెట్టు తెల్లగా, తీరుగా తిరుగుతోంది. వెనక నుంచి ఎవరిదో గొంతు: "సావుకారు సెయ్యి పడ్డాక ఎగరకేటి సేత్తది!"

నేను చేసింది ఎగిరిందని సంతోషించాలి కదా. కింద పడితే బాగుండును అనుకున్నాను. పడి ముక్కలైతే మళ్ళీ నా దగ్గరికే రావాలి. పక్కన కూర్చున్న అత్తగారు, "ఏటే, అలాగున్నావు?" అంటే ఫోను పర్సులో పెట్టేసి, ఏం లేదత్తా అన్నాను.

కొన్నాళ్ళకి నన్నూ తీసుకెళ్ళాడు. స్కూటరు వెనక జెట్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పైకి విసరడం నా పని, రిమోటు ఆయనది. నా చెయ్యి వదలగానే జెట్టు ముక్కు పైకెత్తింది. నిట్టనిలువుగా లేచి, ఒక్క క్షణం ఆగి, వెల్లకిలా తిరగబడి గట్టు మీద పడింది. రైతులు అయ్యో అంటుంటే బావ అందరికీ వినపడేలా, "మా ఆవిడ రెక్క సరిగ్గా అతకనేదు," అన్నాడు.

ముక్కలు ఏరుకుని ఇంటికి తెచ్చాను. బల్ల మీద పెట్టి ముందు చూసింది రెక్కనే. అతుకు చెక్కుచెదరలేదు. ముక్కు దగ్గర మాత్రం నేను వెయ్యని టేపు ఒకటి కనిపించింది. దాన్ని ఊడదీస్తే బిలబిలమంటూ చీమలు. టేపుకి అంటుకుని కాస్త బెల్లం.

విషయం అర్థమయింది. రెక్కల కింద ప్లానులో రెండు చుక్కలుంటాయి. అక్కడ వేళ్ళు పెట్టి ఎత్తితే జెట్టు తక్కెడలా సమంగా నిలవాలి. తోక బరువైతే ముక్కులో ఏదైనా బరువు పెట్టాలి. ఎగరేసే ముందు పెడదామని నేను తీసి ఉంచిన ఇనప నట్లు గిన్నెలో అలాగే ఉన్నాయి. నేను లేని రోజున పొలంలో తోక వాలుతుంటే, బావ జేబులోని మచ్చు బెల్లం తీసి ముక్కులో కుక్కేశాడు. బెల్లం వ్యాపారి జేబులో మచ్చుకి ఒక ముక్క ఎప్పుడూ ఉంటుంది. చేత్తో ఎత్తి తూకం చెప్పగలనని ఆయనకో గొప్ప. ఆ రోజు తూకం సరిపోయింది కూడా. తర్వాత జెట్టు బీరువా మీద ఉన్నన్నాళ్ళూ చీమలు బెల్లాన్ని తింటూ పోయాయి, ముక్కు తేలికైపోయింది.

ఆ ముక్కును పళ్ళెంలో పెట్టి బావ ముందు ఉంచాను.

"ఏటిది?"

"నీ మచ్చు బెల్లం. సీమలు తినగా మిగిలింది."

పకపకా నవ్వాడు. "బెల్లం పెడితే సీమలు ఊరుకుంటాయేటి!"

"అందరి ముందూ తప్పు నా రెక్కదన్నావు."

"ఏదో నోటికొచ్చింది, అనేసేను. దానికేటిప్పుడు?"

"ఈసారి రిమోటు నాది."

"నీకొచ్చేటి?"

వచ్చు. ఆయన కొట్టుకెళ్ళాక, అత్తగారు కునుకు తీసే వేళ, రిమోటును కంప్యూటరుకి తగిలించి విమానాల ఆట ఆడుతున్నాను. ఎగరేయడం బాగానే వచ్చింది. దింపడం ఒక్కటే ఇంకా పట్టుబడలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

కొత్త ఫోముతో ముక్కు కట్టాను. నట్లు పెట్టి, రెండు వేళ్ళ మీద సమంగా నిలిచాకే టేపు వేశాను. అదే పొలం, అదే రైతులు. ఈసారి విసిరింది బావ. జెట్టు నా బొటనవేళ్ళ మాట వింది. అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. "సావుకారమ్మ ఎగరేత్తంది, సూడండ్రా!" అని ఎవరో అరిచారు. ఒళ్ళు పులకరించింది. పక్కకి చూస్తే బావ నవ్వుతున్నాడు గానీ ఆ నవ్వు మూతి దాటడం లేదు. చేతిలో ఏమీ లేకపోయినా వేళ్ళు కదులుతున్నాయి. నిజం చెప్పాలంటే, జెట్టు కన్నా అది చూడటమే నాకు బాగుంది.

"బ్యాటరీ అయిపోతాది, ఇటియ్యి. నేను దింపుతాను," అని చెయ్యి చాపాడు.

ఇచ్చేస్తే జెట్టు క్షేమంగా దిగుతుంది. సావుకారు కాపాడేడు అంటారు. నేను ఇవ్వలేదు. తిప్పుకొచ్చి, కిందికి దించుతూ, తొందరపడి గట్టుకి కొట్టేశాను. రెక్క ఫెళ్ళున విరిగింది.

బావ వెళ్ళి ముక్కలు తెచ్చి, అతకమన్నట్టు నా ముందుకి చాపాడు. నేను అందుకోలేదు. రిమోటును గుండెకి ఆనించుకుని నిలబడ్డాను.

"పట్టుకోయే," అన్నాడు.

"నువ్వు అతుకు."

రైతుల వంక చూశాడు, నా వంక చూశాడు. గొంతు తగ్గించి, "నాకు రాదే. ఇది సేసింది నువ్వు, నువ్వే అతకాల," అన్నాడు.

"ఇంకోసారి సెప్పు బావా," అన్నాను, "గట్టిగా."