అద్దం లోపలి ఆవిరి

ఆ వాచీల ఫ్యాక్టరీలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ట్యాంకక్కే. పంతొమ్మిదేళ్లుగా నీళ్ల ట్యాంకు దగ్గరే పని. సన్నటి మనిషి, కాలు ఒకచోట నిలవదు. టీ కూడా అటూ ఇటూ తిరుగుతూనే తాగుతుంది.

ఆమె చేసేది చూడటానికి చిన్న పనే. తయారైన వాచీని ఇనప ట్యాంకులో నీళ్లలో పెట్టి, మూత బిగించి, సముద్రం లోతున ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడి ఎక్కిస్తుంది. బయటికి తీశాక వేడి పలక మీద ఉంచి, అద్దం మీద ఒక్క చల్లటి నీటి చుక్క వేస్తుంది. నిమిషం ఆగి తుడిచేస్తుంది. అద్దం లోపలివైపు ఆవిరి పట్టిందంటే ఎక్కడో నీళ్లు దూరినట్టు. పట్టకపోతే కార్డు మీద సంతకం పెట్టి పంపేస్తుంది.

ఆ ఏడాది కంపెనీ కొత్త వాచీ ఒకటి మొదలుపెట్టింది. చూస్తే తాళంకప్పంత ఉండేది. వెనక మూత మీద పన్నెండు వేల మీటర్లు అని చెక్కారు. ఆదివారం భోజనాల దగ్గర ఆమె ఈ సంగతి గొప్పగా చెప్పుకుంది. పక్కన కూర్చున్న మరిది రేవులో డైవరు. ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లా గీకే పని అతనిది.

"వదినా, నేను పదిహేనేళ్ల నుంచి దిగుతున్నాను. ఇరవై మీటర్లు దాటింది రెండే రెండుసార్లు. అంత లోతుకి ఎవడు పోతాడు?" అన్నాడు.

అసలు సముద్రమే అంత లోతు లేదనీ, ఎంత లోతైన చోటైనా పదకొండు వేల దగ్గరే ఆగిపోతుందనీ కూడా చెప్పాడు. చెప్పి, మజ్జిగ పోయించుకుని తాగి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం ఆమె చెవిలో జోరీగలా ఉండిపోయింది. మర్నాడు ఇంజనీరుని పట్టుకుని అడిగింది. ఆయన అటూ ఇటూ చూసి అసలు సంగతి చెప్పాడు. అవతలి కంపెనీ వాళ్లు పదకొండు వేలు రాశారట, అందుకని వీళ్లు పన్నెండు రాశారట. సముద్రం లేని చోటికి హామీ ఇవ్వడమేమిటి సార్ అంటే, మన మాట అబద్ధమని ఎవరూ రుజువు చెయ్యలేరు కదమ్మా అని నవ్వేశాడు.

అప్పట్నుంచీ ఆమెకి మనసు మనసులో లేదు. ఇన్నేళ్లూ తను చేసింది పనా, పిల్లలాటా అన్న అనుమానం పట్టుకుంది. ట్యాంకు మూత బిగిస్తూ ఆలోచన. బస్సులో ఆలోచన. ఆ వారంలోనే ఆ రకం వాచీలు పన్నెండు వచ్చాయి. తొమ్మిదోదాని మీద చుక్క తుడిచినప్పుడు అద్దం అంచున, లోపల, ఆవగింజలో సగమంత మసక కనబడింది. రెప్పవేసేలోగా పోయింది. రూలు ప్రకారం దాన్ని విప్పించాలి. విప్పిస్తే బిగించే సెక్షన్ వాళ్లకి మూడు రోజుల పని. పోనిస్తే ఏం కొంపలు మునుగుతాయిలే అనుకుని సంతకం పెట్టేసింది. పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మరిది మళ్లీ వచ్చాడు. ఏవో మాటల మీద తన గాలి సిలిండరు సంగతి వచ్చింది. దాని మెడకి ఒక చీటీ వేలాడుతుందట, పరీక్ష చేసినవాళ్ల సంతకంతో.

"ఆ సంతకం పెట్టినాయన్ని ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది ఆమె.

"ఎక్కడ చూస్తాను వదినా. ఏదో వంకర గీత. అది ఉందో లేదో చూసుకుని గొట్టం నోట్లో పెట్టుకోవడమే."

ఆ రాత్రి తొమ్మిదో వాచీ సంగతి భర్తతో చెప్పింది. భర్త, అది ప్రాణం, ఇది షోకు, రెంటికీ పోలికేంటి అన్నాడు. అది ఆమెకీ తెలుసు. తెలిసినా లాభం లేకపోయింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. కట్టేసిన కుళాయిని మళ్లీ వెళ్లి బిగించి వచ్చేది. సోమవారం సూపర్వైజరు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పేసింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, అమ్ముడైపోయిన వాచీ గురించి ఎందుకమ్మా తవ్వుకోవడం, కొన్నవాడు అడిగినప్పుడు చూద్దాం, ఊరుకో అన్నాడు.

ఊరుకోవడం ఆమెకి చేతకాలేదు. గ్యారంటీ కార్డుల ఫైల్లో ఆ వాచీ నంబరు వెతికి అడ్రసు రాసుకుంది. సెలవు పెట్టి రెండు బస్సులు మారి వెళ్తే అది పళ్ల ఆసుపత్రి. టోకెన్ లేకుండా లోపలికి పంపేది లేదన్నారు. తీసుకుంది. దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్ల మధ్య గంటసేపట్లో ఆరుసార్లు లేచింది. చివరికి పిలిస్తే, డాక్టరు కుర్చీ చూపించి లైటు దగ్గరికి లాగి, ఏ పన్ను అన్నాడు.

"పన్ను కాదు సార్. మీ వాచీ."

అది ఆయన చేతికే ఉంది. సంగతంతా చెప్పింది. ఆయన నవ్వి, తనకి ఈతే రాదనీ, చేతులు కడుక్కునేటప్పుడు తడవడమే దానికి సముద్రమనీ అన్నాడు. పొద్దస్తమానం చిన్న చిన్న రంధ్రాల్లోకి చూస్తూ బతికేవాణ్ణి, చేతికి ఏదో పెద్దది ఉండాలనిపించి కొన్నానమ్మా, బాగానే ఆడుతోంది, వదిలెయ్యండి అన్నాడు.

"మీరు వదిలేస్తారు సార్. ఆవిరి కనబడ్డాక కూడా సంతకం పెట్టింది నేను. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

డాక్టరు నవ్వడం మానేశాడు. గ్లవ్సు తీసి వాచీ విప్పాడు. దాన్ని ఆమె చేతిలో పెట్టబోతూ ఆగి, గొంతు తగ్గించాడు.

"నేను నింపిన పళ్లలో సరిగ్గా కుదరలేదేమోనని అనుమానం ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఒక్కర్ని కూడా వెనక్కి పిలవలేదు."

ఆమె వాచీ అందుకుని సంచిలో పెట్టుకుంది. రసీదు రాసిచ్చి వచ్చేసింది.

ఇంజనీరు వాచీ విప్పి భూతద్దం కింద పెట్టాడు. రబ్బరు రింగు కింద నూలు పోగు ఒకటి, వెంట్రుక కన్నా సన్నం. తుడిచే గుడ్డలోంచి ఊడింది. మామూలు వాచీలకీ అదే గుడ్డ వాడుతున్నారు. తక్కువ లోతులో ఇలాంటిది బయటపడదు, ఇంత ఒత్తిడి పెట్టబట్టే దొరికింది అన్నాడు ఇంజనీరు, తన పన్నెండు వేలకి ఒక కారణం దొరికిన సంతోషంతో. ఆమె తల ఊపింది గానీ ఆ జవాబు ఆమెకి పూర్తిగా దిగలేదు. ఒక పోగు కోసమైతే ఇంత పెద్ద హంగామా ఎందుకు? మరి ఆ పోగు ఎవరి చేతి వాచీలో ఉండిపోయేదో ఎవరికి తెలుసు? రెండు మాటలూ నిజమే అనిపించేది. ఏ ఒక్కదాని దగ్గరా మనసు ఆగేది కాదు.

అన్ని గదుల్లోనూ గుడ్డలు మార్చారు. డాక్టరుకి కొత్త వాచీ పంపారు. ఆమెకి మెమో ఇచ్చి, మూడు నెలలు పట్టీలకి బెజ్జాలు కొట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ మూడు నెలలూ ఆమె నిప్పుల మీద కూర్చున్నట్టే కూర్చుంది.

తిరిగి వచ్చిన రోజు మళ్లీ పన్నెండు వచ్చాయి. రెండింటిని పక్కన పెట్టేసింది. ఒకదాన్లో ఆవిరి ఉంది. రెండోదాన్లో ఉన్నట్టు ఆమెకి అనిపించిందంతే. సూపర్వైజరు వచ్చి రెండోదాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ లేదు కదమ్మా అని గొణిగాడు. ఆమె దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని విప్పాల్సినవాటి ట్రేలో పెట్టి, తర్వాతి వాచీ అందుకుంది.