మాధవక్క ఏ గుంపులోనూ వేయని ఎంజైమ్

నిన్న పొద్దున డోర్నకల్ స్టేషన్‌లో ఉండగా తమ్ముడి ఫోన్. "మాధవక్క పోయిందన్నా."

ఏ మాధవక్క అని అడిగాను, మాకున్నది ఒక్క మాధవక్కే అయినా. నిజంగానే అడిగాను.

మా పెద్దమ్మ బిడ్డ. నర్సింహులపేట. జ్వరమని దవాఖానలో చేరింది, ఇక ఇంటికి రాలేదు.

అక్క రీసెర్చ్ చేస్తుందని అందరికీ తెలుసు. దేని మీదో చాలామందికి తెలియదు. కుళ్లిన ఆకుల్లో, తడి మొద్దుల మీద బతికే జిగురు జీవులు, స్లైమ్ మోల్డ్స్. వాటిలో చక్కెరను తెచ్చి ఇంకో అణువుకు అతికించే ఎంజైములుంటాయి. ఏది దేనికి చుట్టమో వంశవృక్షం గీసి గుంపులు కట్టడం అక్క పని.

ఒకసారి శాంపిల్స్ కోసం భూపాలపల్లి అడవికి నన్నూ తీసుకుపోయింది. మొద్దు మీది పసుపుపచ్చ ముద్దను డబ్బాలోకి తీస్తుంటే, కట్టెలకొచ్చిన ఒక అవ్వ ఆగింది.

"కుక్క కక్కినదాన్ని డబ్బల పెడుతున్నవేంది బిడ్డా?"

"కక్కింది కాదవ్వా, గిది మెల్లగ నడుస్తది."

"నడుస్తదా! మా ముసలోని కంటె నయమే!"

అక్క నవ్వు ఆపుకోలేక ఆ మొద్దు మీదే కూలబడింది.

ఆ రోజే మాకు కొట్లాట. ల్యాప్‌టాప్‌లో ఆమె గీసిన చెట్టు చూసి నాకు మండింది. నా సంచి నిండా కులం పోవాలనే కరపత్రాలు. "మనుషులను గుంపులు చేసింది చాలదా? గీటిల్ల గూడ కొందరు పైన, కొందరు కిందనా?" అని అరిచాను.

అక్క రెండుగా చీలిన చింతరెమ్మ విరిచి, వేళ్ల మధ్య తిప్పింది. కింది చీలిక పైకొచ్చింది.

"ఇప్పుడు చెప్పు, ఎవలు పెద్దోళ్లు? ఎక్కడ చీలిందన్నదే లెక్క. పైన, కింద నీ తలకాయల ఉన్నయ్‌రా."

ఆ చెట్టులో ఒక్క ఎంజైమ్ ఎక్కడా కుదరలేదు. లెక్క మార్చిన ప్రతిసారీ ఇంకో కొమ్మకు చేరేది. పేపర్ దానికోసమే ఆగింది. దగ్గరున్న గుంపులో వేసెయ్, పనైపోతుంది అన్నారు ల్యాబ్‌లో పెద్దలు.

జనగామ బస్టాండ్‌లో చివరిసారి చాయ్ తాగుతూ అక్క నాతో అన్నది: "తెల్వకుంటె తెల్వదనే రాస్త. లేని చుట్టరికం నేనెందుకు అంటగట్టాలె?"

అందుకే ఈ పోస్ట్. ల్యాబ్ ఫ్రెండ్స్, ఇది చదువుతున్నారని తెలుసు. పేపర్ ఇప్పుడు మీ చేతుల్లో ఉంది. పంపండి, అక్క పేరుతోనే పంపండి. కానీ తొందరపడి ఆ ఒక్కదాన్ని ఏదో ఒక గుంపులోకి నెట్టకండి. నెట్టారని తెలిస్తే, ఎంజైముల గురించి అ ఆలు రాకపోయినా, మీ ల్యాబ్ ముందు వచ్చి కూర్చుంటాను.

"ఇంకా తెలియదు" అని రాయండి. అది అక్క మాట.

పోయిరా అక్కా. నిమ్మళంగ ఉండు.