అత్తమ్మ చేయి ఆగిన రోజు

మా బాబును శామీర్‌పేటలో కొత్తగా పెట్టిన బడిలో వేసిన రోజులవి. అక్కడ ప్రతి పిల్లవాడూ తనకు నచ్చిన పని తీసుకుని తీరిగ్గా చేసుకుంటాడు. అది ముగిసేదాకా టీచర్ కూడా మధ్యలో చేయి పెట్టదు.

ఒకరోజు మా అత్తమ్మ అలియాబాద్‌లోని మా ఇంటి నుంచి నాతోపాటు బడి చూడటానికి వచ్చింది. మనవడు చాప మీద కూర్చుని, ఒక గిన్నెలోని పెసలను చెంచాతో ఇంకో గిన్నెలోకి కొద్దికొద్దిగా పోస్తున్నాడు.

"గిదేం సదువే! గీ జర్ర పనికి గింత సేపా?" అంటూ అత్తమ్మ గిన్నె లాక్కుని ఒక్కసారే రెండో గిన్నెలో గుమ్మరించింది.

పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మావాడు మాత్రం పెసలన్నీ మళ్లీ మొదటి గిన్నెలో పోసుకుని, "అవ్వా, గిది నా పని. నాదైనంక నువ్ జేస్కో" అని మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఊళ్లో ఎవరి మాటా వినని అత్తమ్మ, చాప పక్కన చేతులు కట్టుకుని కూర్చుంది!

ఆ సాయంత్రం నేను జొన్నరొట్టె కొడుతుంటే, "నీతోని గాదు, ఇటియ్యి" అంటూ ఎప్పటిలాగే పిండి మీదికి చేయి చాచింది.

"అవ్వా!" అన్నాడు మావాడు.

చేయి ఆగిపోయింది. కాపురానికి వచ్చాక మొదటిసారి నా రొట్టె నేనే పూర్తిగా కొట్టాను. అంచులు పగిలాయి. అత్తమ్మ వంక పెట్టకుండా తిన్నది.

మా ఇంట్లో ఆ బడి చదువు ముందుగా అక్కరకొచ్చింది నాకే.