కృష్ణమ్మాళ్ పట్టుకున్న కొసలు

కృష్ణమ్మాళ్ ముప్పై ఒక్క ఏళ్లు తమిళనాడులోని రాజపాళయం నూలు మిల్లులో తెగిన దారాలు అతికింది. రిటైరయ్యాక ఒకరోజు ఇంటిముందు ముగ్గు వేస్తుంటే, వీధి అంచున వరసగా పాతిన రాళ్ల మీద చెక్కిన గుర్తులు కనపడ్డాయి. ఒకచోట చేప, ఒకచోట నిచ్చెన, ఇంకోచోట సగం చంద్రుడు.

బడిలో చెప్పే వాధ్యార్ ఒకాయన, తెలిసినవాడే, అవి ఏ భాషా కాదని తేల్చేశాడు. భర్త పాండురంగన్ నవ్వాడు.

“రాయి కొట్టేవాడు ఉలికి పదునుండాదా అని చూసుకున్నాడు. దానికి ఇంత యోచన ఎందుకు నీకు?”

“పదును చూసేవాడు చేప చెక్కడు,” అంది ఆమె.

రోజూ ఉదయం మట్టి తుడిచి, గీతల్లో ముగ్గుపిండి నింపి, తేలిన బొమ్మను పాత క్యాలెండర్ కాగితాల వెనక దించుకునేది. అరవై నాలుగు రాళ్లు. వీధిలో వాళ్లు నవ్వితే, వాళ్ల గుమ్మాల ముందు రాళ్లు కూడా తుడిచింది.

నెలకు చిక్కు వీడింది. ప్రతి రాయికీ రెండు చివర్లా రెండు గుర్తులు. ఒక రాయి చేపతో ముగిస్తే, పక్క రాయి చేపతోనే మొదలవుతుంది. ఏ రాయి పక్కన ఏది రావాలో చెక్కినవాళ్లు పెట్టుకున్న ఆనవాళ్లవి. మూల మలుపులో మాత్రం తొమ్మిది రాళ్లు కలవలేదు. ఎప్పుడో నీళ్ల పైపు వేసినప్పుడు పీకి, చేతికొచ్చినట్టు పాతేశారు. ఆ సందుల్లోంచే వాననీళ్లు ఇళ్లలోకి వచ్చేవి.

ఆ నీళ్లు ఆపాలని, రాళ్లు తీసేసి సిమెంటు దిమ్మెలు వేయడానికి మునిసిపాలిటీ కాంట్రాక్టర్ మనుషులు వచ్చారు. గడ్డపార ఎత్తగానే కృష్ణమ్మాళ్ వెళ్లి మొదటి రాయి మీద కూర్చుంది. సూపర్‌వైజర్ కళైయరసన్ అరవంలో బతిమాలాడు, తర్వాత పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

“పిలువు తంబీ. వాళ్లకీ చూపిస్తాను. రాళ్లు చెడిపోలేదు, మార్చి పెట్టినారు.”

“మీరేమన్నా ఇంజనీరా?”

“మిల్లులో పని చేసినాను. కొస కలిసిందా లేదా చెప్పేదానికి అది చాలును.”

మధ్యాహ్నమైనా ఆమె లేవలేదు. పాండురంగన్ టిఫిన్ డబ్బాతో వచ్చాడు. అది ఆమె చేతికిచ్చి, తనూ పక్క రాయి మీద కూర్చున్నాడు. కాసేపటికి ఎదురింటి జానకియమ్మాళ్, ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు.

కళైయరసన్ విసిగిపోయాడు. “ఆ తొమ్మిది రాళ్లే మార్చి వేస్తాను. వానకు నీళ్లు లోపలికొస్తే అన్నీ పీకేస్తాను. సరియా?”

“సరి.”

ఆమె కాగితాలు చూసి చెబుతుంటే మనుషులు రాళ్లు జరిపారు. ఎనిమిది అతుక్కుపోయాయి. తొమ్మిదోదానికి జత దొరకలేదు. ఆ జత రాయి ఎక్కడ పోయిందో ఆమెకూ తెలియదు. అక్కడ సిమెంటు పూశారు. వారానికి పెద్ద వాన పడింది. నీళ్లు వీధి వెంటే కాలవలోకి పోయాయి.

పక్క వీధిలో రాళ్లు అప్పటికే లారీ ఎక్కాయి. అవి సత్రపట్టి దారిలో గుట్టగా పడి ఉన్నాయని తెలిసి, కృష్ణమ్మాళ్ షేర్ ఆటోలో వెళ్లి చూసొచ్చింది. తెచ్చి మళ్లీ పాతమని ఆ వీధి వాళ్ల చేత సంతకాలు పెట్టించి మునిసిపాలిటీలో అర్జీ ఇచ్చింది. రెండుసార్లు తిప్పి పంపారు. సోమవారం మళ్లీ వెళుతోంది.