నుస్రత్ నాలుక కొస

నుస్రత్‌ది చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద నడిచే ఒళ్లు. విజయవాడ పటమటలో చక్కెర లేని టీ అడిగి తెచ్చుకున్నా, అనుమానంగా నాలుక కొసతో తాకి చూస్తే గాని తాగదు. భవానీపురం కృష్ణా ఒడ్డున పాటల పండగకు వెళ్తే, గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె ఇన్సులిన్ పెన్ను వదిలేసి, తెల్లపొడి అనుమానం మీద గ్లూకోజు ప్యాకెట్ లాగేసుకున్నాడు. లోపల పక్క కుర్చీ పెద్దావిడ ఒడిలో సంచి దాచుకుని ఆమెనే ఓరగా చూస్తోంది. నాలుగు పాటలకు గంతులేసేసరికి నుస్రత్‌కు చెమటలు పట్టి, చేతులు వణికాయి.

"అమ్మగారూ, షుగర్ పడిపోతోందండీ. తీపి ఏమన్నా ఉందా?"

"మా కోడలు పంపిందా నిన్ను?"

"ఆవిడెవరో నాకు తెలీదండీ, కళ్లు తిరుగుతున్నాయి!"

పెద్దావిడ గబగబా సంచిలోంచి బందరు లడ్డూ తీసింది. నుస్రత్ అంత వణుకులోనూ దాన్ని నాలుక కొసతో తాకి చూసింది.

"అనుమానమెందుకే తల్లీ, నిండా బెల్లమే! తిను. ఎవరితోనూ అనకు, నాకూ షుగరే."